ఎంతలో ఎంత

3 నవంబరు 2025, సోమవారం

తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి ఆరు రోజులైంది. చేలు ఇంకా పడుకునే ఉన్నాయి. మిల్లుకి సార్వా ధాన్యం రావడానికి ఇంకా రెండు వారాలు పట్టేలా ఉంది. ఈలోపు దాళ్వా బాకీ తీర్చుకుంటున్నాం. ఇవాళ సివిల్ సప్లయిస్‌కి ఒక లారీ పచ్చి బియ్యం వెళ్ళింది. యాభై కిలోల బస్తాలు 580, అంటే 290 క్వింటాళ్ళు.

దీనికి ఎంత ధాన్యం ఆడినట్టు రిజిస్టర్లో రాయాలో చూడమని కొత్త కుర్రాడికి చెప్పాను. బీకాం చదివాడు, చురుకైనవాడే. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం మనం సర్కారుకి అప్పజెప్పాలని కూడా చెప్పాను. రెండు నిమిషాల్లో తెచ్చాడు: 194.30 క్వింటాళ్ళు. 290లో 67 శాతం కట్టేశాడు.

"ధాన్యం కంటే బియ్యం ఎక్కువొచ్చే మిల్లు ఎక్కడుందో చెప్పరా, కామందు రేపే కొంటారు" అన్నాను. సిగ్గుపడి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఈసారి 385.70. వందలో 67 పోతే 33 కదా అని 290కి 33 శాతం కలిపాడు. ఇదీ తప్పే. కాకపోతే మొదటిదానిలా నవ్వొచ్చే తప్పు కాదు, నమ్మబుద్ధేసే తప్పు.

అప్పుడు వేరేగా అడిగాను. "67 కిలోల బియ్యం కావాలంటే ఎంత ధాన్యం పొయ్యాలి?" వంద కిలోలన్నాడు. "ఒక కిలో బియ్యానికి?" వందని 67తో భాగించి 1.4925 అన్నాడు. "మరి 290 క్వింటాళ్ళకి?" 432.84. శాతం అన్న మాట పక్కన పెట్టేసరికి లెక్క దానంతటదే వచ్చింది వాడికి. మా చిన్నప్పుడు దీన్ని త్రైరాశికం అనేవారు. ఇప్పుడు ఏ పేరుతో చెప్తున్నారో గానీ, బీకాం దాకా వచ్చినా ఒంటబట్టలేదు.

అదే ఉప్పుడు బియ్యమైతే 67 బదులు 68. ధాన్యం 426.47 చాలు. ఒక్క శాతానికి ఒక్క లారీలో ఆరు క్వింటాళ్ళ పైచిలుకు తేడా. అందుకే శాతం దగ్గర చెయ్యి జారకూడదని వాడికి గట్టిగా చెప్పాను.

5 నవంబరు, బుధవారం

కార్తిక పౌర్ణమి. మా ఆవిడ పొద్దున్నే 365 వత్తుల కట్ట వెలిగించింది. మిల్లు ఆగిపోయింది. ఎలివేటర్ మోటారు రీవైండింగ్‌కి వెళ్ళి వచ్చింది, బిల్లు పన్నుతో కలిపి 7,080. పన్ను ఎంతో విడిగా రాయలేదు. కుర్రాడు 7,080లో 18 శాతం తీసేసి అసలు 5,805.60 అన్నాడు. అసలు ఆరు వేలు. పన్ను వేసింది ఆరు వేల మీద, వీడు తీసింది ఏడు వేల ఎనభై మీద. 118తో భాగించి వందతో హెచ్చించమన్నాను. సెప్టెంబరు 22 నుంచి 12, 28 శ్లాబులు పోయాయి కాబట్టి మాకు దాదాపు అన్నిటికీ 105తో భాగించడమా, 118తో భాగించడమా అన్నదే మిగిలింది. ఆ మేరకు సుఖం.

9 నవంబరు, ఆదివారం

వనభోజనాలు. కాలవగట్టు మీద తోటలో, ఉసిరి చెట్టు కింద. పనసపొట్టు కూర బాగా కుదిరింది, పులిహోరలో మాత్రం ఇంగువ ఎక్కువైంది. హైస్కూల్లో నాతో చదివినవాడు, టీచరుగా చేసి రిటైరైనవాడు, కనబడ్డాడు. మాటల్లో మా లెక్కల మేష్టారు గుర్తొచ్చారు.

ఆయన తామరపూల లెక్క చెప్పేవారు. ఒక కుప్పలో మూడోవంతు పూలు శివుడికి, ఐదోవంతు విష్ణువుకి, ఆరోవంతు సూర్యుడికి, నాలుగోవంతు అమ్మవారికి పెట్టాక, మిగిలిన ఆరు పూలు గురువుగారికి. మొత్తం ఎన్ని? లీలావతిలోది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన పుస్తకం. మేష్టారు ఎక్స్ అనుకోమనలేదు. "నీకు ఇష్టమైన సంఖ్య అనుకోరా" అనేవారు. పుస్తకంలోనూ దాని పేరు ఇష్టకర్మే. అరవై అనుకో. ఇరవై, పన్నెండు, పది, పదిహేను పోయాయి. మిగిలినవి మూడు. కానీ గురువుగారి చేతిలో ఉన్నవి ఆరు. రెట్టింపు. కాబట్టి కుప్ప కూడా రెట్టింపు, నూటఇరవై.

మాకు అప్పట్లో ఇది గారడీలా ఉండేది. తప్పని తెలిసే ఒక సంఖ్య పట్టుకుని నిజం దాకా నడిచిపోవడం! వంద అనుకోవడం కూడా అంతే కదా అనిపించింది ఇవాళ. శాతం అంటే అందరం కలిసి ముందే ఒప్పేసుకున్న ఇష్టకర్మ. మొత్తం ఎంతో తెలియదు, సరే, వంద అనుకుందాం.

మావాడు ఊరుకోకుండా పావులూరి మల్లన ప్రస్తావన తెచ్చాడు. పదకొండో శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణిత సార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి దింపాడని, లెక్కలు తెలుగులో రావంటే వాడికి ఒళ్ళు మండుతుందని. నాకూ మండుతుంది. కానీ ఆ మాట మీద ఇద్దరం అరగంట మండిపోయేసరికి పాయసం అయిపోయింది.

18 నవంబరు, మంగళవారం

సార్వా ధాన్యం మొదలైంది. అంతా కోత మిషన్ల మీద వచ్చే పచ్చి సరుకు. సాయంత్రం ఒక కౌలు రైతు ట్రాక్టరు తెచ్చాడు. నలభై కిలోల సంచులు 150. ముందు రైతు సేవా కేంద్రానికి వెళ్ళాడట, తేమ 17 దాటితే తీసుకోమన్నారట. ఆరబెట్టుకోవడానికి ఈ మబ్బుల్లో జాగా లేదు, కోత మిషన్ వాడు డబ్బుల కోసం ఇంటి ముందు కూర్చున్నాడు. ఇంకేం చేస్తాడు, మా గేటు ముందుకొచ్చాడు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే కడతారు. దానికి శాతం లేదు, తుపాను లేదు.

తేమ మీటరు నేనే పెట్టాను. మూడు సంచుల్లోంచి గుప్పెడు గుప్పెడు తీసి, పొల్లు ఊది, కప్పులో పోసి మర బిగించాను. 21.6. రెండోసారి 22.3. మూడోసారి 22.1. రైతు మీటరు వంక చూడలేదు, ఒక గింజ తీసి పంటి కింద వేసుకున్నాడు. ఎండిన గింజ టక్కుమని విరుగుతుంది. ఇది నలిగింది. "ఇరవై రెండు రాసుకోండి" అని తనే అన్నాడు.

రేటు సర్కారు మద్దతు ధరే, కామన్ రకం క్వింటాలు 2,369. మా వైపు రైతు నోట్లో అది 75 కిలోల బస్తా 1,777. రేటులో కామందు పేచీ పెట్టరు. పేచీ అంతా తరుగులోనే. 22 తేమకి మా మిల్లు కోత 8 శాతం. ఎన్నో ఏళ్ళుగా అంతే. చీటీ రాసిచ్చాను: తరుగు పోను నికరం 55.20 క్వింటాళ్ళు.

20 నవంబరు, గురువారం

పొద్దున్నే అదే రైతు ఫోను పట్టుకుని వచ్చాడు. మొహం బాలేదు.

"గుమస్తా గారూ, నాకు ముప్పై ఎనిమిది కిలోలు లెక్క రావట్లేదండి."

ఫోన్లో చూపించాడు. 55.20కి 8 శాతం కలిపితే 59.616. తను దింపింది 60. తేడా ముప్పై ఎనిమిది కిలోలు. అడ్డంగా దొరికిపోయాం అనే చూపు. కాటా దగ్గర హమాలీలు కూడా ఆగి వింటున్నారు.

కూర్చోబెట్టి కాయితం మీద వేసి చూపించాను. "అరవైలో ఎనిమిది శాతం ఎంతండి?" నాలుగు పాయింటు ఎనిమిది. "తీసేస్తే?" యాభై అయిదు పాయింటు రెండు. "చీటీలో ఉన్నదదే కదా? కోసినప్పుడు ఆ ఎనిమిది అరవైలోది. మీరు కలిపిన ఎనిమిది యాభై అయిదులోది. చిన్నదాంట్లో ఎనిమిది చిన్నదే వస్తుంది. పోయినదాన్ని వెనక్కి పట్టుకోవాలంటే కలపకూడదు, 92తో భాగించాలి. 55.20ని 92తో భాగించి వందతో హెచ్చించండి." ఫోన్లో వేసుకున్నాడు. సరిగ్గా అరవై వచ్చింది. మళ్ళీ వేసుకున్నాడు. మళ్ళీ అరవైయే.

"తప్పయిపోయిందండి, ఏమనుకోకండి" అని చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. హమాలీలు నవ్వారు. నేను టీ తెప్పించుకుని తాగాను, కాస్త గర్వంగానే.

అదే రోజు, రాత్రి

నిద్ర పట్టక ఇంకో లెక్క వేశాను. వేసి ఉండకూడదేమో.

నూరు కిలోల ధాన్యంలో తేమ 22. మిగతా 78 గింజ. ఎండబెడితే నీళ్ళు పోతాయి, ఆ 78 పోదు. తేమ 17కి దిగితే అదే 78 అప్పటి తూకంలో 83 శాతం అవుతుంది. భాగం 78, శాతం 83. మొత్తం ఎంత? 78ని 83తో భాగించి వందతో హెచ్చిస్తే 93.98. అంటే నూరు కిలోలకి తగ్గేది 6.02 కిలోలు.

22లోంచి 17 తీసి అయిదే కదా అనే రైతుదీ తప్పే. తూకం తగ్గేకొద్దీ శాతం కట్టే మొత్తం కూడా తగ్గుతుంది, అందుకే అయిదు కాదు, ఆరు. కానీ ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు తెలిసి ఎవరూ లెక్కకట్టి పెట్టింది కాదు. ముందున్న గుమస్తా రాసేవాడు, నేనూ రాశాను.

అరవై క్వింటాళ్ళు 17కి ఎండితే 56.38 ఉండాలి. మేం కట్టింది 55.20. తేడా 118 కిలోల పైచిలుకు. డబ్బుల్లో 2,808 రూపాయలు. లేని ముప్పై ఎనిమిది కిలోల కోసం అతను నలుగురిలో తప్పు ఒప్పుకుని వెళ్ళాడు. ఉన్న 118 అతని ఊహలో కూడా లేదు. నేను చెప్పిన లెక్కలో ఒక్క అంకె తప్పు లేదు, అదే బాధగా ఉంది.

23 నవంబరు, ఆదివారం

పక్కింటి అమ్మాయి రొయ్యల ప్లాంటులో పనిచేస్తుంది. పేపర్లో కార్మిక కోడ్లు మొన్న 21 నుంచి అమల్లోకొచ్చాయని చదివి, పీఎఫ్ సంగతి చూడమని ఫోను తెచ్చింది. "బాబాయి గారూ, కంపెనీ కూడా నాతో సమానంగా వెయ్యాలంట కదా, నాది 540 ఉంటే వాళ్ళది 165యే చూపిస్తుందేంటి?"

పక్క గడి చూపించాను. పింఛను 375. 165, 375 కలిపితే 540. కంపెనీ వాటాలో జీతం మీద 8.33 శాతం పింఛనుకి మళ్ళుతుంది, మిగిలిందే ఆ 165. దొంగతనం ఏమీ లేదు. అక్కడితో ఆగవచ్చు. కానీ మొన్న రాత్రి నుంచి నాకు ఆగడం కష్టంగా ఉంది.

540 అనేది 12 శాతం. మొత్తం? 540ని 12తో భాగిస్తే 45, వందతో హెచ్చిస్తే 4,500. "నీ జీతం ఎంతమ్మా?" పన్నెండు వేలంది. జీతం చీటీ తీయించాను. ఈఎస్ఐ కోత 90. ఉద్యోగి నుంచి ఈఎస్ఐ ముప్పావు శాతం. 90ని 0.75తో భాగించి వందతో హెచ్చిస్తే పన్నెండు వేలు.

ఒకే చీటీ, ఒకే మనిషి, ఒకే నెల. పీఎఫ్‌ని అడిగితే నీ జీతం నాలుగు వేల అయిదు వందలంటుంది, ఈఎస్ఐని అడిగితే పన్నెండు వేలంటుంది. రెండు శాతాలూ చట్టం చెప్పినవే, రెండు భాగాలూ పైసాతో సహా సరిగ్గానే కోశారు. మార్చింది మొత్తాన్ని. బేసిక్ 4,500 పెట్టి, మిగతాది ఇంటద్దె అనీ ఇంకోటనీ పేర్లు పెట్టి పక్కకి తోశారు.

కొత్త కోడు ప్రకారం అలా పక్కకి తోసింది మొత్తంలో సగం దాటితే, దాటినంత మేర జీతంలో కలిపే లెక్కకట్టాలి. అంటే ఆరు వేలకి తగ్గకూడదు, పీఎఫ్ 720. "అయితే చేతికొచ్చేది తగ్గుతుంది కదండీ" అంది. తగ్గుతుంది. ఇప్పుడు 11,370 వస్తోంది, అందులోంచి పీఎఫ్‌కి ఇంకో 180 పోతుంది. అటు కంపెనీ నుంచీ అంతే పడుతుంది. ఆలోచించుకుని, "పిల్ల పెళ్ళికి పనికొస్తాయి లెండి" అంది.

వెళ్తూ వెళ్తూ, "మీరు భలే పట్టుకున్నారండీ బాబాయి గారూ, మా ప్లాంటులో అకౌంట్స్ అబ్బాయికి ఇదంతా తెలిసే ఉంటుందంటారా?" అని అడిగింది.

తెలిసే ఉంటుందన్నాను. మా ఆవిడ నా వంక ఎందుకో చూసింది.

24 నవంబరు, సోమవారం

కామందు దగ్గర కదిపాను. 78, 83 కాయితం మీద పెట్టి చూపించాను. ఆయన లెక్కలో నాకంటే గట్టివారు, ఒక్క చూపులో అర్థమైంది.

"ఆరు నీళ్ళకయ్యా. డ్రయ్యరు ఊరికే తిరుగుతుందా? ఊక, కరెంటు, కూలి? ఎత్తడం దించడంలో రాలేది?"

అది అబద్ధం కాదు. డ్రయ్యరు ఖర్చు నాకు తెలుసు, ఆ పుస్తకం రాసేదీ నేనే. "అయితే ఆరు తరుగనీ, రెండు ఆరబెట్టిన కూలనీ విడిగా రాద్దామండి" అన్నాను.

"విడిగా రాస్తే ఆ రెండు దగ్గర బేరమాడతారు."

అదే కదా సంగతి. మాట పెంచలేదు. నాకు మూడేళ్ళలో మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉంది, ఈ వయసులో ఇంకో మిల్లు చూసుకోలేను. కానీ చీటీలో ఏ గడులు ఉండాలో ఇన్నేళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు, నేనే గీస్తున్నాను. ఇవాళ్టి నుంచి నాలుగు గీశాను: దింపిన తూకం, తేమ, తరుగు, నికరం. ఇదివరకు ఒక్క నికరమే ఉండేది.

సాయంత్రం ఆ కౌలు రైతు డబ్బుల కోసం వచ్చాడు. లెక్క ఇచ్చి, చీటీ వెనక పెన్సిలుతో 78, 83, 93.98 వేసి, గింజ సంగతీ నీళ్ళ సంగతీ చెప్పాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు. నమ్మకం కుదరనట్టు చూశాడు. మొన్న కూడా నేను ఇంతే ధీమాగా చెప్పాను మరి.

"నా చేను ఇంకా అరెకరం పైన కొయ్యాలండి" అని మాత్రం అన్నాడు.

26 నవంబరు, బుధవారం

అత్తిలి షష్ఠి. హమాలీలు సగం మంది రాలేదు. ఖర్జూరం, జీళ్ళు కొని తెచ్చాం. కాళ్ళ నొప్పులు.

1 డిసెంబరు, సోమవారం

పదిన్నరకి అతని ట్రాక్టరు వచ్చింది. కుర్రాడు మీటరు పట్టుకుని పరిగెత్తాడు. "దించేది లేదండి, కాటా మీద చూసుకుని పోతాను. కాటా డబ్బులు ఎంతో చెప్పండి" అన్నాడు రైతు.

కోసిన రోజు నలభై సంచులు నిండాయట. రైతు సేవా కేంద్రంలో మీటరు పెట్టిస్తే 22. రోడ్డు మార్జిన్లో నాలుగు రోజులు ఆరబోసి, మబ్బు పట్టినప్పుడల్లా పట్టాలు కప్పుకుంటూ, రాత్రుళ్ళు అక్కడే పడుకుని కాపలా కాశాడు. ఇప్పుడు మా మీటర్లో 16.8.

కుర్రాణ్ణే కట్టమన్నాను. 1,600 కిలోల్లో గింజ 78 శాతం, 1,248. అదిప్పుడు 83.2 శాతం. మొత్తం? ఈసారి తడుముకోలేదు. "పదిహేను వందలండి."

ఖాళీ ట్రాక్టరు తూకం పోను కాటా మీద వచ్చింది 1,495. మా వేబ్రిడ్జి అయిదేసి కిలోల మీద నడుస్తుంది, అంతకంటే సన్నగా చూపించదు. అతను చీటీ మడత విప్పి, నా పెన్సిలు అంకెల కింద ఈ అంకె తనే రాసుకున్నాడు. కామందు గది కిటికీ తెరిచే ఉంది.

"అయిదు తగ్గింది కదండీ" అన్నాడు కుర్రాడు.

"అవి పిచుకలు తిన్నాయిలే బాబూ, వాటికి తరుగు రాసుకో" అని ట్రాక్టరు రైతు సేవా కేంద్రం వైపు తిప్పాడు.